కుక్కుటేశ్వరరావు ఓడలకు పెట్టిన వంకలు

కుక్కుటేశ్వరరావుకి ఈ లోకంలో వంక లేని వస్తువు ఇంతవరకూ కనపడలేదు. కోనసీమ వదిలి కువైట్ వచ్చి పందొమ్మిదేళ్లయింది. సల్వాలో మేం పనిచేసే ఇంట్లో ఆయన డ్రైవరు, నేను వంటవాణ్ణి. నేను ఏ కూర వండినా మూడుసార్లు వడ్డించుకుని, చెయ్యి కడుక్కుంటూ "అంతా బానే ఉందండి గానీ..." అని మొదలెడతాడు. ఒకసారి పున్నమి చంద్రుణ్ణి చూసి, "బానే ఉన్నాడండి గానీ, కాస్త ఎడంపక్కకి జరిగితే మన గదిలోకి వెలుగొచ్చేది" అన్నాడు. చంద్రుడు జరగలేదని పావుగంట నొచ్చుకున్నాడు కూడా.

మా యజమానురాలిని అందరం మామా అంటాం. ఆవిడకి మాత్రం ఈయన వంకలంటే మహా గురి. సోఫా కొనాలన్నా, పిల్లలకి స్కూలు బ్యాగు కొనాలన్నా వెంటబెట్టుకుపోతుంది. రావు నోటికి తట్టుకున్న సోఫా పదేళ్లు చెక్కుచెదరదని ఆవిడ నమ్మకం.

నవంబరు చివర్లో ఆ మామా ఒకరోజు వంటింట్లోకి వచ్చి ప్రకటించింది.

"ఫిబ్రవరి సెలవులకి దుబాయ్ నుంచి ఓడ ప్రయాణం! మా అమ్మ కూడా వస్తుంది. ఆమెను చూసుకోవడానికి సంజీవమ్మ!"

సంజీవమ్మది రాయచోటి దగ్గర పల్లె. పదకొండేళ్లుగా పెద్దావిణ్ణి కంటికి రెప్పలా చూసుకుంటోంది. ఆ మాట చెవినపడ్డ పది నిమిషాల్లో వాట్సాప్‌లో ఊరంతటికీ చాటింపు వేసేసింది.

"ఓ శివయ్య దేవుడా, ఓడంటనప్పా! దాంట్లోనే ఈతకొలను కూడా ఉంటాదంట! సుట్టూ అంత సముద్రం పెట్టుకోని మళ్లా కొలనేందో!"

రెండు నెలల ముందే సూట్‌కేసు సర్దేసుకుంది. ఇక ఓడ ఎక్కకపోతే ఊళ్లో తలెత్తుకోలేదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

మిగిలింది ఒక్కటే ప్రశ్న. పెద్ద ఓడా, చిన్న ఓడా? మామా బల్ల నిండా రంగురంగుల పుస్తకాలు. పెద్ద ఓడలో నాలుగువేలమంది జనం, పద్దెనిమిది అంతస్తులు, జారుడుబల్లలు, సినిమాహాలు. చిన్న ఓడలో నూటయాభైమందే, ప్రతి గదికీ బాల్కనీ, పిలిస్తే పలికే మనిషి. ఆ బొమ్మలు చూసి నాకే వంట మీంచి మనసు పోయింది.

"పెద్దదే! యల్లా, బుక్ చేసేద్దాం" అంది మామా.

"బానే ఉంది మామా గానీ, గదిలోంచి భోజనానికి వెళ్లాలంటే సల్వా నుంచి ఫింటాస్ దాకా నడిచినంత. పెద్దావిడ టిఫినుకి బయల్దేరితే, చేరేటప్పటికి మధ్యాహ్నం భోజనాలు వడ్డిస్తుంటారు" అన్నాడు రావు.

మామా వారం ఆలోచించింది. "అయితే చిన్నది!"

"బానే ఉంది మామా గానీ, రోజూ అవే మొహాలు. మొదటిరోజే ఎవరితోనైనా మాటామాటా వచ్చిందనుకోండి, మిగతా ఆరురోజులూ ఎక్కడికి పోతారు?"

మరో వారానికి మామా మళ్లీ పెద్ద ఓడకి తిరిగింది. నాలుగువేలమందిలో పిల్లలు తప్పిపోతారన్నాడు. మళ్లీ చిన్నదానికి వచ్చింది. అలలొస్తే పెద్ద ఓడ తలూపుతుంది, చిన్న ఓడకి పూనకం వస్తుందన్నాడు.

"గోదావరి ఒడ్డున పుట్టినోణ్ణి మామా, నాకు తెలీదా?"

సంజీవమ్మ వంటింట్లో గిన్నెలు ఎత్తి కుదేసింది.

"ఈయప్ప నోట్లో మన్ను పడ! నడిసముద్రంలో గాదు, నట్టింట్లోనే ముంచుతాండాడు నా ఓడని! ఊర్లో దినామూ అడగతాండారు, ఎప్పుడు పోతావని. ఏం జెప్పల్ల నేను?"

"ఓడ ఇంకా కడుతున్నారని చెప్పండి" అన్నాడు రావు తాపీగా.

అది చాలదన్నట్టు మధ్యలో ఆవిడ మొహానికే వంక పెట్టాడు. ఇంట్లో పనివాళ్లందరి ఇఖామా కార్డులూ పాస్‌పోర్టులూ చూసేది ఆయనే.

"మీ పాస్‌పోర్టు బానే ఉందండి గానీ, ఫొటోలో ఉన్నది మీరేనని ఎవరూ ఒప్పుకోరు. కొత్తది తీసుకుందాం, రండి."

కాగితాలు ఆయనే నింపి, ఆఫీసుకి తీసుకెళ్లి వేలిముద్రలు వేయించుకొచ్చాడు. సంజీవమ్మ మూడురోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఆరోవారానికి మామాకి ఓపిక అయిపోయింది.

"రేపటిలోగా ఒక ఓడ చెప్పు. లేదంటే ఖలాస్! ఓడా లేదు, సెలవులూ లేవు!"

ఆరోజు సంజీవమ్మ అన్నం ముట్టలేదు. నాకూ ఒళ్లు మండింది.

"రావుగారూ, పుణ్యముంటుంది. ఒక్క ఓడనైనా బాగుందనండి!"

"చూద్దామండి" అన్నాడు ఫోను వంకే చూస్తూ.

మర్నాడు పదింటికి ఫోనులో ఏదో మెసేజ్ వచ్చింది. కారు తీసుకుని పరుగున వెళ్లి, పరుగున వచ్చి, సరాసరి మామా ముందు నిలబడ్డాడు. బల్లమీద పెద్ద ఓడ పుస్తకం తెరిచి ఉంది.

"ఇదే బుక్ చేసేయండి మామా. వంకే లేదు."

మామా చేతిలో కాఫీ కప్పు ఆగిపోయింది. "ఫింటాస్ దాకా నడవాలన్నావుగా?"

"నడక ఒంటికి మంచిది మామా."

"పిల్లలు తప్పిపోతారన్నావు?"

"చుట్టూ నీళ్లే కదా, ఎక్కడికి పోతారు?"

మామా పకపకా నవ్వి, అప్పటికప్పుడు ట్రావెల్స్‌కి ఫోన్ చేసింది. రావు పాస్‌పోర్టులన్నీ పోగుచేస్తుంటే పక్కనే నిలబడి చూశాను. జేబులోంచి సంజీవమ్మ కొత్త పాస్‌పోర్టు తీశాడు. దాంతోపాటు మూల కత్తిరించిన పాతది. దాని గడువు ఏప్రిల్‌తో సరి.

"ఓడెక్కాలంటే ఆర్నెల్ల గడువుండాలండి" అన్నాడు, దొంగతనం బయటపడ్డవాడిలా.

"ఆ ముక్క మామాతో చెప్పొచ్చుగా?"

"చెబితే ఖలాస్ అంటారండి. పోయినేడు పిల్లల్ని చూసుకునే వెంకటేశ్వరి గారి కాగితం ఆలస్యమైందని, టర్కీకి వేరే మనిషిని తీసుకెళ్లిపోలేదేంటి? అందుకే కొత్తది చేతికొచ్చేదాకా ఏ ఓడనీ ఒడ్డుకి రానివ్వలేదు. ఆ ఓడలు రెండూ బంగారంలాంటివండి! వాటిని తిట్టడానికి నాకు ప్రాణం పోయిందనుకోండి. సంజీవమ్మగారితో అనకండేం."

నేనేమన్నా మాట దాచుకునే మనిషినా? అరగంటలో చెప్పేశాను. సంజీవమ్మ చేతిలోని గరిటె కింద పెట్టి, "అయ్యో, నా నోట్లో మన్ను పడ!" అని చాలాసేపు నవ్వింది.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం సాయంత్రం రావు ఫోనుకి వీడియో కాల్ వచ్చింది. ఒక గడిలో ఓడ మీద సంజీవమ్మ, వెనక తళతళలాడే సముద్రం. ఇంకో గడిలో రాయచోటి దగ్గర పల్లె, అరుగు మీద పాతికమంది.

"సూడండి, నన్ను ఓడెక్కిచ్చిన అన్న ఈయనే! కుక్కుటేశ్వరన్న!"

పాతికమందీ ఒక్కసారి చేతులూపారు. ఒక ముసలాయన లేచి దణ్ణం కూడా పెట్టాడు. రావు చెవులు ఎర్రబడ్డాయి.

"సిగ్నల్ బాలేదండీ, ఏమీ వినపట్లేదు" అంటూ ఫోను నా చేతిలో కుక్కి, కారు కడగాలని బకెట్టు పట్టుకుని వెళ్లిపోయాడు.

సిగ్నల్ నిక్షేపంలా ఉంది. కారు పొద్దున్నే కడిగాడు.