చిలుక దీపం జోడు

గౌరయ్యకు కాలు ఒక్కచోట నిలవడం లేదు. అద్దాల పెట్టె చుట్టూ తిరగడం ఇది నాలుగోసారి. లోపల గొలుసుకు వేలాడుతున్న ఇత్తడి చిలుక దీపం మాత్రం మెడ ఎడమకు తిప్పుకుని తాపీగా ఉంది.

సూర్యాపేటలో ఈ చిన్న మ్యూజియం తెరిచి నెల కాలేదు. నలభై ఏళ్లు కంచరి పని చేసిన మనిషి కదా అని మనవరాలు చరిత పట్టుబట్టి తీసుకొచ్చింది. తాతకు ఇత్తడి గురించి తెలియనిది లేదని ఆ పిల్లకు గట్టి నమ్మకం. ఆ నమ్మకమే ఇప్పుడు ముసలాయన గుండెల మీద కుంపటై కూర్చుంది.

"గీ ఈకలు ఎట్ల చెక్కిన్రు తాతా?"

"చెక్కలే బిడ్డా. మైనాన్ని దారం లెక్క సన్నగ తీసి ఒక్కో ఈక అంటించిన్రు. మీద మట్టి మెత్తి కాలిస్తే మైనం కారిపోతది. ఆ సందుల ఇత్తడి పోస్తరు. ముక్కు కింద సూడు, ఆవగింజంత గింజ పెట్టిండు. ఎవలు సూస్తరని పెట్టిండో ఏమో."

అంత పనితనం చూస్తే కడుపు నిండాలి. ఆయనకు తరుక్కుపోతోంది.

ఆ మాటలు విని మ్యూజియం ఉద్యోగి ఉమారాణి నోటుబుక్కుతో వచ్చింది. "మంచిగ చెప్తున్నరు పెద్దాయనా. ఇది మునగాలల ఒకరింట్ల దొరికింది. జోడుండెనంట. రెండోది యాడ పోయిందో తెల్వది."

గౌరయ్యకు తెలుసు. పాత ఇత్తడి తీసుకుని కొత్త బిందె ఇవ్వడం, పాతది కరిగించడం కంచరి పనిలో మామూలే. ముప్పై ఏళ్ల కింద మునగాల నుంచి ఒకావిడ చిలుక దీపం తెచ్చింది. ఇత్తడి కరిగించే మూసలో పట్టడం లేదని సుత్తితో దాని మెడ విరగ్గొట్టాడు. ఆ మెడ కుడికి తిరిగి ఉండేది.

నోరు మూసుకుంటే అడిగేవాడు లేడు. కానీ చరిత తన చెయ్యి పట్టుకుని గర్వంగా నిలబడి ఉంది. ఆ మెప్పు ఆయనకు మింగుడుపడలేదు.

"దాన్ని నేనే కరిగించిన" అన్నాడు.

చరిత ముఖం వాడిపోయింది. ఉమారాణి మాత్రం ఆశగా పెన్ను తీసింది.

"పోతె పోయింది. ఎట్లుండెనో చెప్పుండ్రి, రాసుకుంట. దాని ఈకలు గూడ గిట్లనే ఉండెనా? ముక్కు కింద గింజ ఉండెనా?"

గౌరయ్య కళ్లు మూసుకుని వెతుక్కున్నాడు. సుత్తి గుర్తుంది. కొలిమి గుర్తుంది.

"సూడలేదమ్మా" అన్నాడు చివరికి. "తూకమేసిన. మూడుంబావు కిలోలుండె."