మధుపాత్రలు పోగేసిన మా పెద్దబాపు

బుధవారం పొద్దున మంచిర్యాల నుంచి తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, పెద్దబాపు పోయిండు" అన్నాడు. కరీంనగర్‌లో నేను పాఠం చెప్పే తరగతి గుమ్మంలోనే ఆగిపోయాను. ఒక్కరోజైనా మంచాన పడ్డ మనిషి కాదు. చాయ్ తాగుతూ గోడకు ఒరిగిపోయాడట. ఆ దుర్వార్తను నమ్మడానికి హృదయం నిరాకరించింది.

మా బాపుకు అన్న రాజేశం. శ్రీరాంపూర్ దగ్గర ఆఫీసర్ల క్లబ్బులో ముప్పై ఏళ్లు బేరర్‌గా పనిచేశాడు. ఆజన్మాంతం మద్యం చుక్క ముట్టని నియమశీలి. క్లబ్బువాళ్లు పాత గ్లాసులు పారేయబోతే, అడిగి ఇంటికి తెచ్చుకున్నాడు. అరవై డెబ్బై ఏళ్ల నాటి కాక్‌టెయిల్ గ్లాసులవి. తామరతూడులాంటి సన్నని కాడలు, చెరిగిపోతున్న బంగారు అంచులు. ఆ తర్వాత ధర్మపురి నుంచి ఆదిలాబాద్ దాకా పాత సామాన్ల దుకాణాలు తిరిగి అటువంటివే సేకరించాడు. ఎందుకని అడిగితే, "గీ గాజును ఊదినోని ఊపిరి గిండ్లనే ఆగింది బిడ్డా. పారేయబుద్ధయితదా?" అనేవాడు.

ఆయన ఒక్కగానొక్క కొడుకు సతీష్ తాగుడుకు బానిసై యౌవనంలోనే మరణించాడు. దినాలు ముగిసిన రోజు పెద్దబాపు భార్య, మా పెద్దవ్వ లచ్చవ్వ అల్మారా తెరిచి, ఒక గ్లాసును గచ్చుకేసి కొట్టింది. "నా కొడుకును మింగినయి గివే!" అని శోకించింది. సతీష్ వాటిలో ఎన్నడూ తాగలేదు. ఆ మాట పెద్దబాపు అనలేదు. ఇంకో గ్లాసు తీసి ఆమె చేతికిచ్చాడు.

"కొట్టు లచ్చవ్వా. నీ కడుపుమంట చల్లారుతదంటే అన్నీ కొట్టు. నేనేమనను."

ఆమె చెయ్యెత్తింది. కొట్టలేకపోయింది. గ్లాసును గుండెకు అదుముకొని నేలమీద కూర్చుండిపోయింది. పెంకులు ఏరుతూ ఆయన వెక్కివెక్కి ఏడ్చాడు. ఆయన కంట నీరు నేను చూసింది ఆ ఒక్కసారే.

పోయిన ఆదివారం నాకు ఫోన్ చేశాడు. "ఆదిలాబాద్‌ల ఒకటి దొరికింది బిడ్డా. నీలం కాడది. గసొంటిది నేనెన్నడు చూడలే. వచ్చి చూస్తవా?"

"పరీక్ష పేపర్లు దిద్దాలె పెద్దబాపూ. వచ్చే వారం వస్త."

"ఫికర్ లేదు, నిమ్మళంగ రా."

అంత్యక్రియలయ్యాక పెద్దవ్వ ఆ గ్లాసు తెచ్చి నా చేతుల్లో పెట్టింది. "నువ్వస్తవని మూడు పొద్దులు తుడిచిండు బిడ్డా. నన్ను సుత ముట్టనియ్యలే."

పెద్దబాపూ, వచ్చాను. చూశాను. కిటికీ వెలుగులో ఆ నీలం ఎంత అందంగా ఉందో నీకు తప్ప ఎవరికి చెబితే అర్థమవుతుంది?