ఓక్ కొమ్మకు మంగళగిరి అంచు

మేం దేశం దాటొచ్చి క్లేటన్‌లో అద్దెకున్న రోజుల్లో పక్కింట్లో ఒక కుర్దు కుటుంబం ఉండేది. ఆ ఇంటి పెద్దావిడది కొండల మీది పల్లె. అక్కడ ఒక సాధువు సమాధి పక్కన ఓక్ చెట్టు ఉందట. ఎంత చలైనా దాని పుల్ల విరిచి పొయ్యిలో పెట్టరట. జబ్బుపడ్డ మనిషి కట్టిన బట్టలోంచి పీలిక చింపి కొమ్మకు కడతారట. దాన్ని విప్పినవాళ్లకు ఆ జబ్బు పట్టుకుంటుందట. ఇక్కడ వాళ్ల పెరట్లో కూడా ఓక్ చెట్టే ఉండడంతో ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. ఇదంతా ఆవిడ కోడలు ఇంగ్లిష్‌లో చెప్పింది.

ఆ వసంతంలో మా అమ్మాయికి ఆయాసం ఎక్కువైంది. డాక్టరిచ్చిన మందు వాడుతూనే, దాని గౌను అంచు చింపి ఆ చెట్టుకు కట్టాను. ఈ సంగతి ఒక్కరికే చెప్పాను. మేం దిగిన కొత్తలో ఇల్లు చూసిపెట్టిన మా చర్చి అక్కయ్యకు.

ఆ ఆదివారమే ఇంటి ప్రార్థనలో ఆమె లేచి, చెట్లకు మొక్కుతున్న ఒక సహోదరి కోసం ప్రార్థించమంది. పేరు చెప్పలేదు, నావైపు చూసిందంతే. అక్కడ ఎండాకాలంలో వచ్చే క్రిస్మస్ నాటికలో మా అమ్మాయికిచ్చిన దేవదూత వేషం అక్కయ్య వాళ్లమ్మాయికి పోయింది. ప్రతి మీటింగ్‌కూ నాతోనే పులిహోర చేయించుకున్నవాళ్లు ఇక అడగలేదు. ఎవరెవరు అడగలేదో నాకిప్పటికీ గుర్తే.

ఎండలు తగ్గి ఓక్ ఆకులు రాలాక, మా గౌను పీలికకు కాస్త పైన మరొకటి కనబడింది. ఆకుపచ్చ నేత, పసుపు అంచు. నేను ఊరినుంచి తెచ్చి అక్కయ్యకు పెట్టిన మంగళగిరి చీరదే. ఎవరు కట్టారని పెద్దావిడను అడిగితే, అలా చెప్పకూడదంది.

నేరుగా అక్కయ్య వంటింట్లోకే వెళ్లి ఆ చీరేదని అడిగాను.

"అదా? కలర్ పోయిందని చారిటీ బిన్‌లో వేసేశానమ్మాయ్."

"ముడి మాత్రం గట్టిగా వేశావక్కా. గాలికి కూడా ఊడలా."

ఆమె కుళాయి తిప్పి, కడిగిన గిన్నెనే మళ్లీ కడిగింది. ఏం జబ్బని అడిగితే కుళాయి ఇంకాస్త తిప్పింది.

"మీటింగ్‌లో మాత్రం అనమాకే," అంది చివరికి.

అనలేదు. ఆ పీలికనూ ముట్టుకోలేదు. వచ్చిన ఆదివారం ఆమె మళ్లీ లేచి, ఆ సహోదరి ఇంకా మారలేదని, ఆమె కోసం మానకుండా ప్రార్థించమని అడిగింది. అందరూ ఆమెన్ అన్నారు. నా పక్కన కూర్చున్న మావారు కూడా.