నిట్టూర్పు మేస్త్రి బేరం

మా బావని అందరూ నిట్టూర్పు మేస్త్రి అంటారు. చేసేది తాపీ పనే కానీ పేరొచ్చింది నిట్టూర్పుతో. పాత ఇల్లు కొనాలనుకున్నవాళ్ళు ముందు బావని వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళు. బావ గోడమీద వేలి కణుపుతో రెండు దెబ్బలు కొట్టి, చెవి ఆనించి, ఇంటివాళ్ళు చూస్తుండగా ఒక నిట్టూర్పు విడిచేవాడు. నోరు విప్పేవాడు కాదు. అంతే, ఇంటివాళ్ళ మొహాలు వాడిపోయేవి, ధర దిగేది. ఒక్కో నిట్టూర్పు యాభై వేలు చేస్తుందని నేను ఏడిపించేవాణ్ణి. నేను వైరింగ్ పని చేస్తాను. "నువ్వు కొట్టించే షాకులకన్నా నయమే కదురా," అనేవాడు.

ముప్పయ్యేళ్ళు ఊరందరి ఇళ్ళకీ ధర కట్టిన మనిషి, మా అక్కతో మూడో అంతస్తులో రెండు గదుల అద్దెకొంపలో ఉండేవాడు. అక్కకి మోకాళ్ళు అరిగిపోయాయి. ఆ మెట్లు దిగి పద్నాలుగు నెలలైంది. ఆఖరిసారి దిగింది కూడా నేనూ బావా కుర్చీలో కూర్చోబెట్టి ఆస్పత్రికి మోసుకెళ్ళినప్పుడే. తిరిగొచ్చేటప్పుడు కిరాణా కొట్టు ముందు కుర్చీ దింపించుకుని, వచ్చేపోయే జనాన్ని కాసేపు చూసింది. కింద ఒక ఇల్లు, గుమ్మంలో కూర్చుంటే వీధి కనపడాలి. అంతకుమించి అక్క ఏనాడూ ఏమీ అడగలేదు.

అలాంటి ఇల్లు దొరికింది. రిటైరైన నర్సమ్మది, వీధికి ఒక్కటే మెట్టు. శ్లాబు పెచ్చులూడింది, వంటింటి మూల చెమ్మ దిగింది, వైరింగ్ సంగతి చెప్పుకోకపోవడమే మంచిది. ఆవిడ పదహారు లక్షలు చెప్పింది. అక్కా బావా కూడబెట్టింది సరిగ్గా అంతే. ఆ రిపేర్లు బయటివాళ్ళు చేయించుకుంటే రెండు లక్షలు. బావకి అందులో సగం కూడా కాదు. చెయ్యి తనది, కరెంటుకి నేనున్నాను.

"పదిహేను అనండి. కాదంటే పదహారే ఇచ్చేద్దాం," అంది అక్క.

"అడిగినంతా ఇచ్చేస్తే ముప్పయ్యేళ్ళు నేనేం నేర్చుకున్నట్టు?" అన్నాడు బావ.

మర్నాడు నన్నూ తీసుకెళ్ళాడు. గది గదికీ నిట్టూర్చాడు. చివరికి వాకిట్లో నిలబడి "పదమూడు," అన్నాడు.

నర్సమ్మ కోప్పడలేదు. "నలభై ఏళ్ళున్నాను మేస్త్రీ ఈ ఇంట్లో. ఒక్క గోడైనా బాగుందనలేదు మీరు," అంది. బావ తల దించుకున్నాడు కానీ మాట మార్చలేదు.

వీధిలోకి వచ్చాక, "పది రోజులు మనం మొహం చూపించకూడదురా. ఆవిడే ఫోన్ చేస్తుంది," అన్నాడు. నేను గంగిరెద్దులా తలూపాను. ఆ తప్పులో నాకూ వాటా ఉంది.

ఆ రోజులన్నీ అక్క ఫోను పక్కనే పెట్టుకుంది. గుమ్మంలో కుర్చీ ఎటు వేసుకోవాలో నాతో రెండుసార్లు చెప్పింది. తొమ్మిదో రోజు ఫోన్ వచ్చింది. ఇల్లు ఒక బ్యాంకు గుమాస్తా కొన్నాడు, పద్నాలుగున్నరకి.

"మీరు మళ్ళీ వచ్చి ఒక్క మాట అడిగుంటే మీకే ఇచ్చేదాన్ని. ఈ ఇంటి లోపాలన్నీ మీకు తెలుసు కాబట్టి, రిపేర్లు మీతోనే చేయించుకోమని ఆయనకి చెప్పాను," అంది నర్సమ్మ. దెప్పిపొడవడానికి కాదు, మంచికే చెప్పింది.

అక్క "పోనివ్వండి," అని గోడవైపు తిరిగి పడుకుంది. నాకు బావమీద ఒళ్ళు మండిపోయింది. మర్నాడే వెళ్ళి ఆ పని ఒప్పుకున్నాడని తెలిశాక ఇంకా మండింది.

"నీకు సిగ్గులేదా బావా?"

"ఆ ఇల్లు ఇంకొకడి చేతిలో పాడైతే చూడలేనురా," అన్నాడు.

రెండు రోజులు అక్క ఏమీ అడగలేదు. మూడో రోజు సాయంత్రం నుంచి అడగడం మొదలుపెట్టింది. శ్లాబు అయిందా, చెమ్మ ఆగిందా, కిటికీకి ఏ రంగు వేస్తున్నారు అని. బావ వచ్చి చేతులు కడుక్కుని అన్నీ చెప్పేవాడు.

బావ పిలిస్తే కాదనలేక నేను స్విచ్‌బోర్డులు బిగించడానికి వెళ్ళిన రోజున గుమాస్తా భార్య వచ్చింది. కొత్తగా కట్టిన వంటగట్టు ముందు నిలబడిపోయింది.

"ఇదేంటి మేస్త్రిగారూ, ఇంత కిందకి కట్టారు? నేను వంగి వండుకోవాలా?"

నేనూ అప్పుడే చూశాను. గట్టు నా తొడ దాకానే ఉంది. కింద అరలు కట్టకుండా, మోకాళ్ళు పట్టేలా ఖాళీ వదిలాడు. మా అక్క రెండేళ్ళుగా స్టూలు మీద కూర్చునే వండుతోంది. బావ చేతులు ఎవరి కొలత తీసుకున్నాయో నాకు అర్థమైంది.

"పొరపాటైందమ్మా," అన్నాడు బావ. ఆ మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. తన సుత్తితోనే ఆ గట్టు పగలగొట్టి, సొంత డబ్బుతో ఇటుకలు తెప్పించి, పొద్దుగూకేలోగా ఎత్తు పెంచి కట్టాడు. నేను స్విచ్‌బోర్డులు వదిలేసి ఇటుకలందించాను.

ఇంటికొచ్చి మెట్లెక్కుతూ, "మీ అక్కకి చెప్పకు," అన్నాడు. కానీ వెళ్ళగానే అక్క అడిగింది.

"వంటగట్టు అయిందా? ఎంత ఎత్తు పెట్టారు?"

బావ అక్కకి అబద్ధం చెప్పలేడు. సగమే చెప్పాడు.

"నీ స్టూలుకి సరిపోయేంత."

అక్క కళ్ళు తుడుచుకుంది.

"ఆ ఇంటావిడ నిలబడి వండుకునే మనిషి కదండీ. నడుము పట్టేస్తుంది. రేపు పొద్దున్నే వెళ్ళి పెంచేయండి."

"సరే," అన్నాడు బావ.