పొదిలికి కారం మోసుకొచ్చిన ముసలమ్మ

కోటేశ్వరికి కోపం వస్తే నోరు పెగలదు, గిన్నెలు మాట్లాడతాయి. ఫిబ్రవరి మొదట్లో ఒక ఉదయం పొదిలి మిషన్ ఆసుపత్రి వెనక క్వార్టర్స్‌లో ఆ గిన్నెల మాటలు గేటు దాకా వినిపించాయి. ఆసుపత్రి కారు నడిపే ఇమ్మానియేలు వంటింటి గుమ్మం దగ్గరకొచ్చి తొంగిచూశాడు.

"ఏందక్కా, ఎవరి మీద?"

"ఎవరి మీదేంది? నిన్న నువ్వే గదరా కారెక్కించుకొచ్చింది! పెట్టె తెరిస్తే కారం. మూడు కేజీల కారం! చుట్టూరా యాడ చూసినా మిరప కల్లాలే గదా. మన దగ్గర లేకనా, దేశాలు దాటించి మోసుకొచ్చింది ఆవిడ?"

"అదా సంగతి! ఆ పెట్టె ఎత్తేసరికి నా నడుం పట్టేసిందక్కా," అని ఇమ్మానియేలు నడుం మీద చెయ్యేసుకుని నవ్వాడు. కోటేశ్వరి నవ్వలేదు. ఇంకో గిన్నె తోమడానికి తీసింది.

'ఆవిడ' అంటే ఆ ఇంటి అమ్మగారైన సుజిన్‌కి తల్లి. కొరియాలో ఏదో రేవు పట్నంలో ఎండుచేపల కొట్టు నడుపుతుంది. డెబ్బై నాలుగేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. సుజిన్, ఆమె భర్త మిన్ గారు తొమ్మిదేళ్ళ కిందట మిషన్ తరఫున పొదిలి వచ్చారు. ఆయన ఆసుపత్రిలో పక్షవాతం వచ్చినవాళ్ళకి కాళ్ళూ చేతులూ ఆడించడం నేర్పుతాడు. ఆమె హాస్టలు పిల్లలకి పాటలు నేర్పుతుంది. వాళ్ళు ఆదివారం చర్చికి, కోటేశ్వరి శనివారం నరసింహస్వామి గుడికి. ఈ విషయంలో వాళ్ళ మధ్య ఏ రోజూ పేచీ రాలేదు. పేచీ అంతా ఇప్పుడు వంటింట్లో మొదలైంది.

ఇంతకీ కోటేశ్వరి బాధ కారం గురించి కాదు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు కానీ, చూసేవాళ్ళందరికీ తెలుసు.

వాళ్ళు వచ్చినప్పుడు కూతురు హానా ఆరునెలల పిల్ల. కొత్త దేశం, కొత్త ఎండ, ఒళ్ళంతా చెమటకాయలు, ఒకటే ఏడుపు. సుజిన్‌కి ఏం చెయ్యాలో తోచక పిల్లతోపాటు తనూ ఏడుస్తుంటే, వంటకి కుదిరిన మొదటి రోజే కోటేశ్వరి కొంగు బిగించి, నేలమీద కాళ్ళు చాపుకుని కూర్చుని, పిల్లను కాళ్ళమీద బోర్లా పడుకోబెట్టి, నలుగుపెట్టి గోరువెచ్చటి నీళ్ళు పోసింది. పిల్ల ఆ మధ్యాహ్నం నాలుగు గంటలు నిద్రపోయింది. సుజిన్ కంగారుపడి రెండుసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూసిందట. ఆ రోజునుంచి హానా కోటేశ్వరి పిల్ల. తర్వాత ఒంగోలులో పుట్టిన తమ్ముడు జున్‌కైతే వేరే చేతి ముద్దే తెలియదు. ఇద్దరూ ఆమెను 'అమ్మమ్మా' అంటారు. కోటేశ్వరి కూతురు సౌజన్యకి ఇంకా పిల్లల్లేరు కాబట్టి లోకంలో ఆ పిలుపు ఆమెకి ఈ రెండు నోళ్ళ నుంచే వస్తుంది. ఆ ఇంట్లో జీతంతోపాటు దొరికిన ఆస్తి అదొక్కటే అని ఆమె లెక్క.

ఇప్పుడు ఆ ఆస్తికి అసలు హక్కుదారు పెట్టెలతో సహా దిగింది.

పిల్లలు పొద్దున లేస్తూనే "హల్మోనీ! హల్మోనీ!" అంటూ ఆవిడ మంచం మీదికి దూకుతున్నారు. వాళ్ళ భాషలో అమ్మమ్మని అలా అంటారట. కోటేశ్వరి వేసిన పెసరట్టు పళ్ళెంలో చల్లారిపోతుంటే హల్మోనీ చేసిన సముద్రపు నాచు చారు మూడుసార్లు వడ్డించుకుంటున్నారు. జున్‌గాడు ఒకరోజు స్నానానికి కూడా హల్మోనీయే కావాలన్నాడు. కోటేశ్వరి "పోరా, పో" అని నవ్వుతూనే అంది గానీ, పెరట్లోకి వెళ్ళి ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికింది.

పోనీ ఆ ముసలావిడను తిట్టుకుందామా అంటే, తిట్టుకోవడానికి వీలిచ్చే మనిషి కాదు. ఊరికే కూర్చోదు. కోటేశ్వరి లేచేలోపే వాకిలి ఊడ్చేస్తుంది. సముద్రపొడ్డున కొత్తపట్నం తీసుకెళ్తే ఇసుకలో ఆరబోసిన ఎండుచేపలను వాసన చూసి, వేళ్ళతోనే బేరమాడి, రెండొందలు చెప్పినదాన్ని తొంభైకి తెచ్చింది. భాష రాకుండానే! చేపలమ్మే ఆడవాళ్ళు ముక్కున వేలేసుకుని, పోతూ పోతూ ఇంకో రెండు చేపలు ఊరికే వేశారు. ఆ పూట కోటేశ్వరి ఆవిడను మెచ్చుకోకుండా ఉండటానికి చాలా కష్టపడింది.

ఆ మూడు కేజీల కారంతో ముసలావిడ కిమ్‌చీ పెట్టింది. క్యాబేజీని ఉప్పులో ఊరబెట్టి, కారం, అల్లం, వెల్లుల్లి ముద్ద దట్టించి జాడీకెత్తే ఊరగాయ అది. ఆసుపత్రి నర్సులు, ఇరుగుపొరుగు, వాచ్‌మన్, అందరూ రుచి చూస్తామంటూ వచ్చి గిన్నెలు నింపుకుపోయారు. రెండు వారాలకే జాడీ అడుగంటింది. తిరుగు ప్రయాణం ఇంకా మూడు రోజులుందనగా, తను వెళ్ళాక కూతురు ఆర్నెల్లు తినేలా మళ్ళీ పెట్టి వెళ్తానని ముసలావిడ పట్టుబట్టింది. ఒంగోలు నుంచి పాతిక క్యాబేజీలు దిగాయి. కారం మాత్రం లేదు.

డాబామీద కోటేశ్వరి ఏడాదికి సరిపడా ఆరబోసుకున్న మిరపకాయలున్నాయి. తేజ రకం. చూడటానికి సన్నగా, బుద్ధిమంతురాలిలా ఉంటుంది. ముసలావిడ ఒక గుప్పెడు పట్టుకొచ్చి 'తీసుకోనా?' అన్నట్టు చూసింది.

"తీసుకోండి పెద్దమ్మగారూ," అంది కోటేశ్వరి.

అంతవరకే అంది. వాళ్ళ కారం మన కారంలో నాలుగోవంతు కూడా ఉండదని, అదే కొలత పడితే ఊరగాయ నిప్పవుతుందని చెప్పలేదు. తడిచేత్తో ముట్టొద్దనీ చెప్పలేదు. చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే జున్ పరిగెత్తుకొచ్చి హల్మోనీ మెడకు చుట్టుకున్నాడు. మాట వెనక్కి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున ఆ కాయల్ని కారం పట్టించి, మధ్యాహ్నం ముసలావిడ పెరట్లో పెద్ద తొట్టి పెట్టుకుని, పాత కొలత ప్రకారమే కారం కుమ్మరించి కలిపింది. కొంచెం నాలుకమీద వేసుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చెవులు ఎర్రబడ్డాయి. ఎదురుగా కోటేశ్వరి నిలబడి చూస్తోంది. ముసలావిడ ఒక్క దగ్గు దగ్గి, నిటారుగా కూర్చుని, బొటనవేలెత్తి 'భేష్' అని చూపించింది. పౌరుషం ఒక్క పొదిలి సొత్తా ఏమిటి? తర్వాత చొక్కా చేతులు మడిచి, రెండు చేతులూ మోచేతుల దాకా తొట్టిలో దింపి, ఒక్కో ఆకుకీ కారం పులమడం మొదలుపెట్టింది.

పదో క్యాబేజీ దగ్గర ఆవిడ చేతులు ఆగిపోయాయి. పళ్ళు బిగపట్టింది. లేచి కుళాయి కింద చేతులు పెట్టింది. నీళ్ళు తగలగానే మంట ఇంకా రేగింది. రెండు చేతులూ గాలిలో ఎత్తిపట్టుకుని అక్కడే గోడకానుకుని కూలబడింది.

ఆ చేతులు చూడగానే కోటేశ్వరికి తన పన్నెండో ఏడు కళ్ళముందుకొచ్చింది. మొదటిసారి మిరపకోతకి వెళ్ళి సాయంత్రం ఇంటికొచ్చి, చేతుల మంటకి అన్నం కలుపుకోలేక కంచం ముందు ఏడిస్తే, వాళ్ళమ్మ చేతులకి వెన్న రాసి, ముద్దలు చేసి నోట్లో పెట్టింది. పెళ్ళయ్యేదాకా ప్రతి ఏడాదీ అదే మంట. ఊళ్ళో ఇంకెవరికి తెలియకపోయినా తనకి తెలుసు. తెలిసి ఊరుకుంది. సిగ్గుతో చచ్చిపోయింది.

పరుగున నువ్వుల నూనె తెచ్చి ఆవిడ చేతులకి పట్టించింది. శనగపిండితో తుడిచింది. చల్లటి పెరుగు గిన్నెలో రెండు చేతులూ ముంచి పట్టుకుంది. బడినుంచి అప్పుడే వచ్చిన హానా సంచీ పడేసి దగ్గరికొచ్చింది.

"అయ్యో! అమ్మమ్మా, ఇది తేజ గదా. ముట్టుకోబాకని చెప్పలేదా నువ్వు?"

"చెప్పలా."

"ఏం, మర్చిపోయినావా?"

"మర్చిపోలేదే తల్లీ. కావాలనే చెప్పలా. మీరు ఆమె చుట్టూ తిరుగుతుంటే కడుపు మండింది నాకు. అదే చెప్పు ఆమెకి. ఉన్నదున్నట్టు చెప్పు."

హానా ఇద్దరివంకా చూసి, వాళ్ళ భాషలో మెల్లగా చెప్పింది. ముసలావిడ పెరుగులో చేతులు పెట్టుకునే అంతా విన్నది. కోటేశ్వరి తలెత్తలేదు. ఈ పూటతో ఈ ఇంట్లో తన పని సరి అనుకుంది. ఇంతలో ముసలావిడ భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తోందేమో అని చూస్తే, నవ్వు. పెరుగు చింది కోటేశ్వరి చీరమీద పడేంత నవ్వు. నవ్వుతూనే ఏదో గబగబా చెప్పింది.

"హల్మోనీ ఏమంటందంటే," హానా అంది, "ఫోన్‌లో మేం ఎప్పుడు మాట్లాడినా అమ్మమ్మ పచ్చడి, అమ్మమ్మ పచ్చడి అంటామంట. వినీ వినీ ఆవిడక్కూడా కడుపు మండిందంట. నా వంట ముందు ఆ పచ్చడెంతో చూస్తానని పంతం పట్టి కారం తెచ్చిందంట."

 కోటేశ్వరికీ నవ్వొచ్చింది. ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకుని, పెరుగుగిన్నె మీద వంగి, కళ్ళనీళ్ళు కారేలా నవ్వుకున్నారు.

ఊరగాయని మాత్రం పారేయలేదు. కోటేశ్వరి బజారుకెళ్ళి బ్యాడిగి కాయలు తెచ్చింది. రంగు దండిగా, ఘాటు తక్కువగా ఉండే రకం. ఆ కారం ఇంత, ముల్లంగి తురుము ఇంత, మిగిలిన పదిహేను క్యాబేజీలు కలిపి, ఘాటంతా అన్నిటికీ సమంగా పంచారు. ముసలావిడ పీటమీద కూర్చుని చూపుడువేలితో చెప్తుంటే కలిపినవి కోటేశ్వరి చేతులు. రాత్రికి ఆవిడ వేళ్ళు ఇంకా చురుక్కుమంటుంటే, పప్పన్నం కలిపి ముద్దలు ఆవిడ నోట్లో పెట్టింది. జున్ వచ్చి తనూ నోరు తెరిచాడు. ఇద్దరికీ పెట్టింది.

ప్రయాణం రోజు రానే వచ్చింది. చెన్నై విమానాశ్రయానికి మిన్ గారు తోడు వెళ్తున్నారు. ఇమ్మానియేలు కారు తెచ్చి వాకిట్లో పెట్టాడు. సుజిన్ పొద్దుటినుంచీ ఏడుస్తూనే పెట్టెలు సర్దింది. మోకాళ్ళ సంగతి తెలుసు కాబట్టి అమ్మ మళ్ళీ ఇంత దూరం రాలేకపోవచ్చన్నది ఎవరూ పైకి అనని మాట. కోటేశ్వరి వాకిట్లోకి రాలేదు. వంటింట్లో గిన్నెలు తోముతోంది. అవన్నీ తోమిన గిన్నెలే.

ముసలావిడ తనే లోపలికొచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని వసారాలోకి తీసుకొచ్చి, కుర్చీలో కూర్చోమంది. అయ్యగారు కూర్చునే కుర్చీ అది. కోటేశ్వరి వద్దంటున్నా వినకుండా కూర్చోబెట్టింది. ఆ తర్వాత రెండు చేతులూ నుదుటికి ఆనించుకుని, నొప్పుల మోకాళ్ళను మెల్లగా వంచి, నేలమీద సాగిలపడి ఆమెకి దణ్ణం పెట్టింది.

"అయ్యయ్యో! ఇదేం పని పెద్దమ్మగారూ! పెద్దోళ్ళు పెడితే నాకు ఆయుష్షు తగ్గిపోద్ది!" అని కోటేశ్వరి కుర్చీలోంచి దూకి తనూ ఆవిడ ఎదురుగా నేలమీద పడి కాళ్ళు పట్టుకోబోయింది. ఇద్దరి తలలూ ఠంగుమని కొట్టుకున్నాయి. జున్ పకపకా నవ్వాడు. హల్మోనీ నేలమీదనుంచే ఏదో చెప్పింది. హానా దాన్ని తెలుగులో చెప్పింది.

"తొమ్మిదేళ్ళుగా అన్నానికి కూర్చున్నప్పుడల్లా మేం ఏం తిన్నామో అని ముద్ద దిగేది కాదంట. ఇకనుంచి దిగుతుందంట. నువ్వున్నావని కళ్ళారా చూసిందంట."

ముసలావిడ లేవబోతే మోకాళ్ళు సహకరించలేదు. కోటేశ్వరే చంకల కింద చేతులేసి లేపింది. లేపాక కూడా వెంటనే వదల్లేదు.

కారు గేటు దాటి ఒంగోలు రోడ్డెక్కింది. పిల్లలు గేటు దాకా పరిగెత్తారు. సుజిన్ మాత్రం వసారా మెట్టుమీద కూర్చుండిపోయింది. ఈ తొమ్మిదేళ్ళలో ఆమె కోటేశ్వరిని పిలిచింది 'కోటేశ్వరి గారూ' అనే. ఎప్పుడూ ఒక మెట్టు మర్యాద. కోటేశ్వరి వచ్చి పక్కన కూర్చోగానే ఆమె ఒరిగి, ఒళ్ళో తల పెట్టుకుని, చిన్నపిల్లలా వెక్కుతూ "అమ్మా" అంది.

కోటేశ్వరి చెయ్యి గాలిలోనే ఒక్క క్షణం ఆగింది. ఇన్నేళ్ళూ మనవరాలు, మనవడు అన్న లెక్కే చూసుకుంది గానీ, వాళ్ళకి అమ్మమ్మనైతే ఈ పిల్లకి తనేమవుతుందో ఒక్కనాడూ ఆలోచించలేదు. ఆమె తల నిమిరింది.

"లే తల్లీ, లే. పొద్దుటినుంచీ ఏమీ తినలా నువ్వు. రా, అన్నం కలిపి పెడతా."