దిల్‌సుఖ్‌నగర్ నుంచి అబ్దుల్లాపూర్‌మెట్ దాకా సగం నవల

ఈ ప్రయాణానికి కారణం మేం కోయించిన ఒక నవల. దిల్‌సుఖ్‌నగర్‌లో లావుపాటి కోచింగ్ పుస్తకాలను బైండింగ్ షాపులో రెండుగా కోయించుకోవడం విద్యార్థులందరికీ అలవాటే. అక్కడ హాస్టల్లో ఉండే నా స్నేహితురాలు మౌనికా, నేనూ కలిసి ఫుట్‌పాత్ మీద నూట ఇరవైకి కొన్న సముద్రపు దొంగల నవలనూ అలాగే కోయించాం. అందులో అలిగితే కదలని మంత్రపు ఓడ, కత్తులకు బెదరకపోయినా ఓడలో సముద్ర పటాలు గీసే అమ్మాయి ఎదుట మాత్రం నోరు పెగలని కెప్టెనమ్మ. మొదటి సగం మౌనిక చదివి నాకిచ్చింది. "నీతో ఒక మాట చెప్పాలి" అని కెప్టెన్ గొంతు సవరించుకోగానే అది అయిపోయింది.

రెండో సగం కోసం ఫోన్ చేశాను. "శనివారం ఇంటికి పోతున్న. నాతోని బస్సుల అబ్దుల్లాపూర్‌మెట్ దాక రా. నా పక్కన కూసొని చదువు, గప్పుడే ఇస్త" అంది మౌనిక.

"ఇదేం షరతే తల్లీ! పుస్తకం పట్టుకుని పారిపోతానా?" అన్నాను. తను నవ్వలేదు.

మా అల్మాస్‌గూడ నుంచి ఎల్బీనగర్‌కు షేర్ ఆటోలో వెళ్లాను. బస్సు అక్కడే ఎక్కొచ్చు కానీ అప్పటికే నిండిపోతుంది. అందుకని మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ దాకా వెనక్కి వెళ్లి, పదింటికల్లా మౌనికతో కలిసి బస్సెక్కి, కిటికీ సీటు పట్టి, తనిచ్చిన రెండో సగం తెరిచాను. ఆడవాళ్లకు టికెట్ డబ్బులుండవు, ఆధార్ చూపిస్తే చాలు. నేను చదువుతూనే ఆధార్ బదులు, వెనక అట్ట మీద కెప్టెన్ బొమ్మ ఉన్న పుస్తకాన్నే కండక్టర్‌కు చాపాను.

"అమ్మా, గీ ఆధార్ మీద కత్తి పట్టుకున్నామె ఎవరు, నువ్వేనా?" అన్నాడాయన. బస్సంతా నవ్వింది.

వనస్థలిపురం దాటేసరికి ఆ సీను వచ్చింది. కెప్టెన్ ఆ పటాల అమ్మాయికి మనసులో మాట సగం చెప్పగానే అసూయతో ఓడ ఒక్క కుదుపు కుదిపింది. ఆవిడ ఊరేసిన చేపల పీపాలో పడి, నెత్తిన చేపతో పైకి లేచి, మిగతా సగం చెప్పింది. నేను పగలబడి నవ్వాను.

మౌనిక ముఖం మాడిపోయింది. "ఏందే, గంత నవ్వొచ్చిందా? ఇద్దరు ఆడోళ్లని నవ్వినవా?" అంది మెల్లగా, బ్యాగు జిప్పు లాగుతూ, మూస్తూ. ఎక్కినప్పటి నుంచి తను చూస్తున్నది నా ముఖాన్నేనని అప్పుడర్థమైంది.

"పిచ్చిమొహమా, పీపాలో పడ్డందుకు నవ్వానే! అంతకుముందు పేజీలో ఆవిడ చెప్పలేక నలిగిపోతుంటే నాకు ఏడుపే వచ్చింది."

మౌనిక జిప్పు వదిలేసింది. "నాకు గూడ ఒకామె ఉందే. కావ్య. మా కోచింగ్‌లనే."

"తనకి చెప్పావా?"

"లే. ముందుగాల నీకు చెప్పాలనుకున్న. నువ్వెట్ల చూస్తవో అని పరేషానైన."

"ఇలాగే చూస్తాను. తనకి మాత్రం పీపాలు లేని చోటు చూసుకుని చెప్పవే!"

మౌనిక ఎంత గట్టిగా నవ్విందంటే కండక్టర్ వెనక్కి తిరిగి, "ఇగో, ఇప్పుడు రెండో ఆమె షురూ చేసింది" అన్నాడు. అబ్దుల్లాపూర్‌మెట్‌లో దిగి, వేడి మిర్చీలు తింటూ గంటసేపు కావ్య కబుర్లే చెప్పుకున్నాం.

తిరుగు బస్సులో ఆ సీను మళ్లీ చదివాను. పీపాలో పడకముందే కెప్టెన్ గొంతు వణికిందని ఒక చిన్న వాక్యం ఉంది. మొదటిసారి నవ్వు తొందరలో దాన్ని దాటేశాను. ఇప్పుడు ఆ వాక్యం దగ్గర కెప్టెన్ కాదు, జిప్పు లాగుతున్న మౌనిక చేతులే కనిపించాయి.

మీరూ లావు నవల కోయిస్తే, అధ్యాయం అయిపోయిన చోట కోయమని బైండరుకు ముందే చెప్పండి. మేం చెప్పడం మరిచిపోయాం. మంచిదే అయింది.