మేకుల టైర్లు వేయించాలా, వద్దా

ఎనభైల తొలి ఏళ్లలో ఉత్తర న్యూయార్క్‌లో ఒక చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. నా భార్యకు కొండ అవతలి ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం. పొద్దున్నే డ్యూటీ. మొదటి చలికాలంలో ఆ కొండ దిగుడు రోడ్డు మీద కారు రెండుసార్లు జారి పక్క మంచులో కూరుకుపోయింది. రెండో చలికాలం వచ్చేసరికి "మానేస్తానేమో" అనడం మొదలుపెట్టింది. ఆ పని అంటే ఆమెకు ప్రాణం.

మేకుల టైర్లు వేయిస్తే సరిపోతుందేమో అనుకున్నాం. రబ్బరులో చిన్న చిన్న లోహపు మేకులు దిగేసి ఉంటాయి. ఐసు మీద పట్టు బాగుంటుంది. పొడి రోడ్డు మీద అంత ఉండదు, పైగా ఒకటే రొద. వసంతం రాగానే తీసేయాలి కూడా.

మనవాళ్లకు ఏ సంగతైనా నలుగురిలో పెట్టందే తోచదు. తొలి మంచు పడ్డ ఆదివారం, తెలుగు ఆరాధన ముగిశాక, చర్చి హాల్లో భోజనాల దగ్గర నేనే ఆ మాట ఎత్తాను. మగవాళ్లలో చాలామంది ఇంజనీర్లు.

"మేకులెందుకు బ్రదర్, డిక్కీలో రెండు ఇసుక బస్తాలు పడెయ్యండి."

"వాళ్లది ముందు చక్రాలు లాగే కారు. వెనక బరువేస్తే ముందు తేలిపోదూ?"

"అయితే ముందు రెండింటికే మేకులు."

"బ్రేకు వెయ్యగానే వెనకభాగం గిర్రున తిరుగుతుంది. సిస్టర్ గారు ఆస్పత్రికి వీపు పెట్టి వెళ్తారు!"

నవ్వులు. పేపరు గ్లాసులు కార్లయ్యాయి, బిర్యానీ ప్లేటు కొండ అయింది. చివరికి పాస్టరు గారు, "ఈ సంగతి ప్రార్థనలో పెడదాం" అన్నారు.

"తప్పకుండా పెట్టండి అయ్యగారూ," అంది నా భార్య చెయ్యి కడుక్కుని వస్తూ. "ముందు మీ కారు తాళాలివ్వండి."

ఆయన కారుకు నాలుగూ మేకుల టైర్లే. చర్చి వెనక పార్కింగు అంతా గాజులా గడ్డకట్టి ఉంది. మేమంతా ప్లేట్లు పట్టుకుని గోడవారన నిలబడ్డాం. ముందు మా కారు తీసింది. బ్రేకు వెయ్యగానే అది అడ్డంగా తిరిగి మంచుకుప్పను గుద్దుకుని ఆగింది. తర్వాత అయ్యగారి కారు తీసి, అదే చోట బ్రేకు వేసింది. మళ్లీ మళ్లీ వేసింది. ప్రతిసారీ అది అడ్డం తిరక్కుండా ఆగింది.

దిగి వచ్చాక ముఖం వెలుగుతోంది. "జారలేదని చెప్పను. జారింది. కానీ నేను తిప్పినవైపే వెళ్లింది. నాలుగూ వేయిద్దామండీ."

"ఇంకా ప్రార్థన చెయ్యందే!" అన్నారు పాస్టరు గారు.

"చెయ్యండి అయ్యగారూ, కొండ అలాగే ఉందిగా."

టైర్లు మార్చిన వారంలోనే రాత్రంతా మంచు కురిసింది. పొద్దున నేనూ వస్తానన్నాను. వద్దని ఒక్కతే వెళ్లింది. ఫోను మోగేదాకా నేను కుర్చీలో కూర్చోలేకపోయాను.

"చేరాను. ఇక్కడ ఇద్దరు రాలేకపోయారట, వాళ్ల పేషెంట్లనూ నేనే చూడాలి. ఉంటానేం!"